చెవిగుర్తు వెండి

మా బావ పోయారన్న కబురు నాకు ఎమ్మిగనూరు బస్టాండులో తెలిసింది. బావ అంటే నా భర్తకు అన్న. ఆదోనిలో తరతరాలుగా వెండి పని చేసిన ఇంటికి ఆఖరి పెద్ద. మా అమ్మకు ఒంట్లో బాగలేదంటే చూడడానికి ముందురోజు పుట్టింటికి వచ్చి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్లో మా అక్క, అంటే బావ భార్య, ఏడవలేదు. "మీ బావ పలకల్యా. పిలిస్తాండా, పలకల్యా," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. నా చెయ్యి దానంతట అదే కొంగు ముడి మీదికి పోయింది. ముడిలో చిటికెనవేలంత ఉక్కు ముక్క ఉంది. దాచమని బావ నాకిచ్చినది. దాని గురించి చెబితే ఆయన గురించి చెప్పినట్టే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

బస్సులో పక్కన కూర్చున్నామె మంత్రాలయం నుంచి వస్తోంది. ప్రసాదం పెట్టబోయింది. మైల పడ్డానని చెప్పి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరని అడిగింది. "మా బావ," అన్నాను. "అయ్యో, పెద్దాయనా?" అంది. పెద్దాయనే. కానీ ఆ వయసుకు పోవలసిన మనిషి కాదు. దారి పొడుగునా నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఆ కోపం ఇంకా పోలేదు కాబట్టి ఈ రాతలో అక్కడక్కడ తగులుతుంది, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆ ఉక్కు ముక్క ఒక అచ్చు. చేసిన నగ మీద మా ఇంటి ముద్ర వేసేది. కడియమైతే లోపలి వైపు, కాళ్ళ గొలుసైతే కొక్కెం పక్కన, మొలతాడైతే కొనలో. బంగారానికిప్పుడు సర్కారు ముద్ర, నంబరు, అన్నీ వచ్చాయి. వెండికీ వస్తున్నాయి. కానీ మా వైపు పల్లెల్లో ఆడవాళ్ళకు వెండి అంటే అంగడి ముద్రే. ఎవరి ముద్ర ఉంటే వాళ్ళు ఆ వెండికి పూచీ. ఎన్నేళ్ళ తర్వాత తెచ్చినా కాదనకుండా తిరిగి తీసుకోవాలి. ఆదోనిలో ఒకప్పుడు అట్లాంటి ఇళ్ళు చాలా ఉండేవట. ఒక ఇంటిది చేప, ఒక ఇంటిది చిలక, ఇంకొకరిది తామరమొగ్గ. ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది చెవి.

చెవి ఎందుకైందో ఇంట్లో అందరికీ తెలిసిన కథే. బావగారి తాత కాస్త అక్షరాలు నేర్చినవాడు. తన ఇంటిపేరులో మొదటి అక్షరం 'వ' ముద్రగా పెట్టుకోవాలని ముచ్చటపడి ఉక్కు మీద తానే చెక్కుకున్నాడు. కాగితం మీద రాసినట్టే తిన్నగా, అందంగా చెక్కాడు. అచ్చు తిరగేసి చెక్కితేనే ముద్ర తిన్నగా పడుతుందన్న సంగతి ఆ ఉత్సాహంలో మరిచిపోయాడు. సంతకని చేసి పెట్టుకున్న కడియాలన్నిటి మీదా వరసగా కొట్టేశాక చూసుకుంటే, 'వ' అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. తల పట్టుకు కూర్చున్నాడట. సంతకు పోక తప్పదు, పోయాడు. పల్లె నుంచి వచ్చిన ఒకామె కడియం తిప్పి చూసి, "ఇదేందప్పా, చెవు గీసినావు? బాగుండాది," అంది. అక్షరం రాని ఆమెకు అది చెవిలాగే కనిపించింది. ఈ సంత నుంచి ఆ సంతకు చెవిగుర్తు పేరు పాకిపోయింది.

మరుసటి ఏడు ఎవడో నకిలీగాడు ఇదే ముద్ర చేయించాడు. వాడు పని తెలిసినవాడు పాపం, తిరగేసి చెక్కి, ముద్ర తిన్నగా పడేట్టు చేశాడు. ఆడవాళ్ళు బొటనవేలితో తడిమి, "ఇది చెవు కాదు పోప్పా," అని వాడి మొహాన కొట్టారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ తప్పును దిద్దలేదు. తాత పోతే కొడుకు, కొడుకు పోతే మా బావ, కొత్త అచ్చు చెక్కుకున్నప్పుడల్లా అదే తప్పును జాగ్రత్తగా చేశారు. పాత అచ్చును ఏం చేస్తారంటే, యజమాని పోయిన పదకొండో రోజు కుంపట్లో ఎర్రగా కాల్చి దాగలి ఇనుప దిమ్మె మీద పెట్టి కొట్టి చదును చేస్తారు. మనిషి పోయాక ఆ మనిషి మాట ఇంకొకరి చేతిలో ఉండకూడదని.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నాతో పాటు ఒక మొద్దు కూడా వచ్చింది. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గాలకు కావలసిన చెక్క సామాను చేసే వడ్రంగి. పెళ్ళి మాటలప్పుడు మా మామగారు, "మా ఇంట్లో పని మొద్దు చీలింది, మంచి చింతమొద్దు దొరికితే ఇయ్యి బావా," అని అడిగారట. నాన్న నెలల తరబడి నీడలో ఆరబెట్టి, చెక్కి, నునుపు చేసి పంపాడు. పని గదిలో దించగానే అందరూ నవ్వారు. అప్పుడే మా బావ నోట మొదటి మాట విన్నాను. "కోడలూ మొద్దూ కలిసే వచ్చినారు. రెండిట్లో ఏది ఎక్కువ మాట్లాడదో సూడాల." నేను తలుపు వెనక ఉన్నాను. నాకు కోపం, నవ్వు కలిసి వచ్చాయి.

ఆ మొద్దుకు బావ పెట్టిన అలవాటు ఒకటుంది. రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు అచ్చును దాని మీద ఒకసారి కొట్టి చూసుకునేవారు. అంచులు అరిగాయేమో, గీత సన్నబడిందేమో చూడడానికని చెప్పేవారు. నాకైతే దేవుడికి దండం పెట్టుకోవడం లాంటిదే అనిపించేది. అట్లా ఏళ్ళ తరబడి కొడితే మొద్దు పైన, పక్కల, ఎక్కడ చూసినా కందిగింజంత చెవులు. మా అమ్మాయి చిన్నప్పుడు ఆ మొద్దు దగ్గర గుసగుసలాడేది కాదు, వింటుందని భయం.

బావకూ నాకూ మధ్య మాటలు తక్కువ. మా వైపు తమ్ముడి భార్య బావ ఎదుట కూర్చోదు, ఎదురు మాట్లాడదు. నేను మాత్రం ఆయన పని గదిలోనే ఓ మూల కూర్చుని గొలుసులకు కొలికి ముక్కలు జతచేసేదాన్ని, గజ్జెలు గుచ్చేదాన్ని. ఆయన వీపు ఇటు, నా మొహం అటు. టీ తెస్తే ఇదిగో అని చెప్పే పని లేదు. నా కాళ్ళ గొలుసులు మా నాన్న పెట్టినవి, ఈ ఇంట్లోనే మామగారి చేత చేయించినవి, బరువైనవి. ఆ చప్పుడు వినగానే బావ చేతిలో సుత్తి పక్కన పెట్టి చెయ్యి చాచేవారు. నేను విసవిసా నడిస్తే, "ఏమైందంట?" అని అక్కను అడిగేవారు. కోపంలో ఉన్నానని నా కాళ్ళు ముందే చెప్పేసేవి.

ఆయన చెప్పిన సంగతుల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటి. "వెండి మనది కాదమ్మా. వాన పడితే పల్లెకు పోతాది, పడకపోతే మన కాడికి వస్తాది. మనం మధ్యలో ఉండే గుమాస్తాలం." నిజమే. పత్తి బాగా పండిన ఏడు అంగడి ముందు చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. ఎండిన ఏడు కూడా అంతమంది వచ్చేవాళ్ళు, కానీ ఎవరూ లోపలికి వచ్చి కూర్చోరు. గడప బయటే నిలబడి కొంగులోంచి గొలుసులు తీసేవాళ్ళు. సుగ్గికి పోతున్నామని చెప్పేవాళ్ళు. గుంటూరు వైపు మిరపకోతలకు ఇంటిల్లిపాదీ పోయేదాన్ని మా వైపు సుగ్గి అంటారు. ఆడది కాళ్ళు బోడి చేసుకుని, పిల్లను చంకనేసుకుని, లారీ ఎక్కుతుంది. బావ ఆ రోజుల్లో అన్నం సరిగా తినేవారు కాదు.

అట్లాంటి ఒక ఎండిన ఏడే మా ఇంటి తప్పు ఒకటి బయటపడింది. ఆస్పరి వైపు నుంచి ఒకామె వచ్చింది. కూలికి పోయే మనిషి, చేతులు చూస్తేనే తెలుస్తుంది. గొలుసులు తీసి మొద్దు మీద పెట్టింది. చెవిగుర్తు ఉంది. బావ ఆకురాయితో ఒక పక్క కాస్త రాసి, అలవాటుగా తేజాబు, అంటే ఆమ్లం, ఒక చుక్క వేశారు. పచ్చగా పొంగింది. మంచి వెండి పచ్చగా పొంగదు. రాగి ఎక్కువైతేనే ఆ రంగు. ఆయన ఇంకో చోట రాసి ఇంకో చుక్క వేశారు. అదీ పచ్చనే. గదిలో నేను ఉన్నాను, నా భర్త ఉన్నాడు. ఆమెకు ఆ పచ్చదనం అర్థమైంది. గొంతు పెంచలేదు.

"చెవుగుర్తు సూసే తీసుకుంటిని గదప్పా. ఉరుకుంద జాతర్లో. ఆ సిన్నప్ప ఇచ్చినాడు," అని నా భర్తను చూపించింది.

ఉరుకుంద ఈరన్న జాతరలో మా ఇంటి తరఫున అంగడి పెట్టేది మా ఆయనే. ఒక శ్రావణంలో బావ అచ్చు ఆయన చేతికిచ్చి పంపారు. ఊళ్ళో ఒక వ్యాపారి బయటనుంచి తెప్పించిన తక్కువ వెండి గొలుసులిచ్చి, ముద్ర కొట్టి అమ్మమన్నాడు. మా ఆయన కొట్టాడు. జాతరకు ఎన్ని పల్లెలవాళ్ళు వస్తారు! ఎన్ని జతల మీద కొట్టాడో ఆయనకే తెలియదు. ఎందుకు కొట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు బావ తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. లేచి దేవుడి గూట్లోంచి వెండి దీపపు కుందులు తెచ్చారు. ఆమె ముందే తూచి, "ఇది తీసుకోమ్మా. ఆ గొలుసులు నా కాడ పెట్టిపో," అన్నారు. ఆమె కుందులు చూసి భయపడింది. "దేవునివి నాకు వద్దప్పా," అంది. అక్క వచ్చి కుందుల్లో వత్తి తీసేసి, తుడిచి, "దేవుడే ఇస్తాండాడు, తీసుకో," అని ఆమె ఒడిలో పెట్టింది. మా ఆయన అప్పటికే టీ తాగి వస్తానని బయటికి పోయాడు.

ఆ మర్నాడు బావ పాత అచ్చును కుంపట్లో వేసి చదును చేశారు. బతికి ఉండగా తన అచ్చు తానే కొట్టుకున్నవాడు మా ఇంట్లో ఆయనొక్కడే. కొత్తది చెక్కడానికి కూర్చున్నారు. అదే తిరగబడ్డ 'వ'. కాని చెవి కింద ఒక చుక్క పెట్టారు. దాంతో ఇకముందు చుక్క ఉన్నది నిఖార్సైనది. చుక్క లేనిది ఎవరు తెచ్చినా ఆకురాయి పెట్టి చూడాలి, తక్కువైతే మార్చి ఇవ్వాలి. పల్లెల ఆడవాళ్ళు తడిమి చూసి మురిసిపోయారు. "చెవుకు కమ్మ పెట్టినావే అప్పా!" అన్నారు.

"ఈడుకొచ్చింది గదమ్మా, పెట్టకపోతే ఎట్ల?" అని బావ నవ్వారు.

ఆ కమ్మ అందమనుకుని కొన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అది మా ఇంటి సిగ్గు. పోయిన మనిషి పేరు చెప్పి దాన్ని బయటపెట్టడం తప్పో ఒప్పో నాకు తెలియదు. చెప్పకపోతే ఆయన ఏం చేశారో ఎవరికీ తెలియకుండా పోతుంది, అది నాకు సహించదు.

ఎందుకంటే ఆ తర్వాత ఏళ్ళంతా ఆయన చేసిన పని అదే. చుక్క లేని చెవి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పోయింది. హారతి పళ్ళెం పోయింది, గంధపు గిన్నె పోయింది. అక్క వడ్డాణం పోయింది. చివరికి అక్క కాళ్ళ గొలుసులూ పోయాయి. వెండి ఇంటి పెద్దకోడలు ఉత్త కాళ్ళతో తిరగడం చూసి చుట్టాలు నవ్వారు. అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకసారి నేను నా గొలుసులు విప్పి మొద్దు మీద పెట్టాను. ఆ ఇంట్లో నోరెత్తి ఆయనతో సూటిగా మాట్లాడింది అప్పుడే. "ఇవి కూడా కరిగించండి బావా. తప్పు మా వైపుది," అన్నాను. ఆయన నా వైపు తిరగకుండా, "మీ నాయిన పెట్టినవి. వాటి మీద నాకు హక్కు లేదు. కాళ్ళకు పెట్టుకో," అన్నారు. కాసేపటికి, "తప్పు మీదంటావేందమ్మా, అచ్చు వాని చేతికిచ్చింది నేను గదా," అన్నారు.

మా ఆయన ఆ ఇంట్లో ఇమడలేకపోయాడు. అన్న తిట్టి ఉంటే నిలబడేవాడేమో. తిట్టని ఇంట్లో అన్నం సహించక బళ్ళారి పోయి ఎవరి అంగట్లోనో పనికి చేరాడు. తాగుడు మరిగాడు. పండక్కి కూడా రాలేదు. చివరికి బళ్ళారి నుంచి బండిలో వచ్చాడు, గుడ్డ కప్పి. బావ తమ్ముడి కాళ్ళు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చారు. "తిట్టాల్సిండె. నోరార తిట్టుంటే ఉండేటోడు," అని అదే మాట. ఆ తర్వాత ఆడవాళ్ళు చేయవలసినవి చెయ్యడానికి నా చుట్టూ చేరారు. తాళి, మెట్టెలు అయ్యాక ఒకామె నా కాళ్ళ గొలుసుల మీద చెయ్యి వేసింది. బావ వాకిట్లోంచి కేక వేశారు. "అవి తియ్యాకండి! ఇంట్లో సప్పుడు ఉండనీండి." ఆడవాళ్ళ మధ్యకు మగవాడు మాట విసరడం మా వైపు ఎరగని సంగతి. ఆమె చెయ్యి తీసేసింది. గొలుసులు నాకు ఉండిపోయాయి.

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. వెండి ముక్కలు అతకడానికి వాడే టంకంలో కాడ్మియం అనే లోహం కలుపుతారు. పని తొందరగా అవుతుందని అందరూ వాడేదే. నోటితో గొట్టం ఊది మంట తిప్పుతుంటే ఆ పొగ లోపలికి పోకుండా ఎక్కడికి పోతుంది? చిన్న గది, ఒకే కిటికీ. మొదట రాత్రిళ్ళు దగ్గేవారు, తర్వాత పొద్దంతా. మెట్లు ఎక్కడం మానేశారు. తర్వాత గొట్టం ఊదడం మానేసి, ఆ పని నాకిచ్చారు. నాలుగు రోజులకే మళ్ళీ లాక్కున్నారు. "నువ్వు ఊదద్దు. అతుకులేని పని ఏదైనా సెయ్యి," అన్నారు. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు బీడీలు ఎన్ని తాగుతావు పెద్దాయనా అని అడిగితే, "బీడీ తాగను సార్, ఊదుగొట్టం తాగుతా," అన్నారు. డాక్టరు నవ్వాడు. ఎక్స్‌రే ఫిల్ము చూశాక నవ్వలేదు.

తమ్ముడి సంగతి బయటపడిన నాటినుంచి బావ అచ్చును ఇంకెక్కడా పెట్టలేదు. మొలతాడుకు కట్టుకుని తిరిగేవారు, దానితోనే నిద్ర. ఆసుపత్రిలో ఏదో పెద్ద యంత్రంలో పడుకోబెట్టాలి, ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. అక్క మందుల చీటీ పట్టుకుని కిందికి పోయింది. నర్సు తొందర చేస్తోంది. ఆయన తానే ముడి విప్పారు. నేను తల తిప్పుకుని, అక్క వచ్చేవరకు నర్సు దగ్గర పెడదామన్నాను. ఆయన వినలేదు. "ఇట్ల రా," అన్నారు. పోయాను. నా చేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"నీ కాడ పెట్టుకో."

"నేనా బావా?" అన్నాను. ఎవరి భార్యనో ఆయన మరిచిపోయారేమో అనిపించింది.

"నువ్వే. దాని బరువు నీకు తెలిసినట్ల ఇంగెవరికి తెలుసు?"

యంత్రంలోంచి బయటికి వచ్చాక తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఇంట్లో పడుకుని ఉన్నన్ని రోజులూ పొద్దున ఒకసారి నా వైపు చూసేవారు. నేను కొంగు ముడి విప్పి అచ్చు తీసి, మొద్దు మీద పెట్టి ఒకసారి కొట్టేదాన్ని. ఆ చప్పుడు విని కళ్ళు మూసుకునేవారు. నేను ఎమ్మిగనూరులో ఉన్న పొద్దున ఆ చప్పుడు లేదు. ఆ ఒక్క పొద్దు నేను ఉండి ఉంటే అని ఇప్పుడు ఎంత అనుకున్నా ఏం లాభం?

పదో రోజు ఒక వ్యాపారి పరామర్శకు వచ్చాడు. పెద్ద బజారులో అద్దాల అంగడి అతనిది. ఆ జాతర గొలుసుల వ్యాపారి కొడుకు. తండ్రి చేసింది అతనికి తెలుసో లేదో. మర్యాదగానే మాట్లాడాడు. మీ ముద్ర ఊరికే పోనివ్వకండి, మా అంగట్లో బతుకుతుంది, అక్క ఉన్నన్నాళ్ళూ ఏ లోటూ రానివ్వను అన్నాడు. అక్కకు ఇప్పుడు ఆధారం లేదు. నాకు తెలుసు, అతనికీ తెలుసు.

"వెండి ఎవరు సూస్తారప్పా?" అని అక్క అడిగింది.

"మిషన్ చూస్తుందమ్మా. మీకా దిగులెందుకు?"

"మిషన్ సూసుకునేదానికి మా చెవు ఏంటికి మీకు?"

అతను నవ్వి, ఆలోచించుకోమని చెప్పి పోయాడు. అక్క, "రేపటికి బొగ్గులు ఉండాయా?" అంది.

అచ్చు కాల్చి చదును చెయ్యడం మగవాళ్ళ పని. చెయ్యడానికి ఇంట్లో మగవాడు లేడు. పదకొండో రోజు వంటలు అయ్యాక పని గది తలుపు వేసుకుని కుంపటి రాజేశాం. అక్క, "మొద్దు మీ నాయినది. నువ్వే కొట్టు," అంది. కాల్చే ముందు ఒకసారి మొద్దు మీద ముద్ర వెయ్యాలనిపించింది. ఎక్కడా చోటు లేదు. తిప్పి తిప్పి చూస్తే అడుగు అంచున కాస్త దొరికింది. కొట్టాను. తర్వాత బావ ఊదుగొట్టం అందుకున్నాను. కొన దగ్గర ఆయన పళ్ళ గాట్లు ఉన్నాయి. ఊదాను. అచ్చు ఎర్రబడింది. పట్టకారుతో దాగలి మీద పెట్టి కొట్టాను. మొదటి దెబ్బకు కమ్మ పోయింది. నా భర్త పేరు పోయినట్టు అనిపించి చెయ్యి ఆగింది. "కొట్టు," అంది అక్క. మళ్ళీ కొట్టాను, చెవి పోయింది. నీళ్ళలో వేస్తే చుయ్‌మని ఒక్క క్షణం పలికి చల్లారింది. అక్క అప్పుడు ఏడ్చింది.

ఇంతటితో ముగిసిందనుకున్నాను. మొన్న ఒకామె వచ్చింది. కైరుప్పల దగ్గరి పల్లె. బావ సంగతి తెలియదు. గడప బయటినుంచే, "అప్పా, ఉండావా?" అని పిలిచింది. లేరని చెప్పాను. నిలబడ్డచోటే చెంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలికి కడియాలు చేయించాలని అత్త గొలుసులు తెచ్చిందట. "అప్ప లేకపోతే ఇంగో అంగట్లో సేపిచ్చుకుంటా. ఒకసారి మంచిదో కాదో నువ్వు సూసి సెప్పు తల్లీ, సాలు," అంది. తీసుకుని బొటనవేలితో తడిమాను. చెవి ఉంది. కమ్మ లేదు.

లోపలికి తీసుకుపోయాను. ఆమె చూడకుండా గోడ వైపు తిరిగి ఆకురాయి పెట్టాను. తేజాబు చుక్క వేశాను. పచ్చగా పొంగింది.

ఇంటి పెద్ద పోయారు, అచ్చు పోయింది. పూచీ తీరిపోయిందని చెప్పి పంపొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆమె ఇంకో అంగడికి పోతుంది, ఆ గొలుసులు అక్కడ నలుగురి ముందు పచ్చగా పొంగుతాయి, ఆమె కూడా ఆనాటి ఆమె లాగే గొంతు పెంచకుండా చెవుగుర్తు సూసే తీసుకుంటిమి అంటుంది. ఇంట్లో ఇంక వెండి ఏదీ లేదు. నేను కింద కూర్చుని కాళ్ళు చాపాను. కొక్కెం ఎన్నాళ్ళుగానో తియ్యక బిగిసిపోయి ఉంది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక కాలిది ఊడదీశాను, రెండోది రాలేదు. అక్క వంగి పట్టకారుతో విప్పింది. మడమల పైన చర్మం తెల్లగా, వేరే మనిషి కాళ్ళలా ఉంది.

బయటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "అవి అరిగిపోయినాయమ్మా. వాటికి బదులు ఇవి తీసుకో. మా బావ మాట ఇది," అన్నాను. ఆమె బరువు చూసి, "ఇవి ఎక్కువ తూగుతాండాయే," అని అనుమానంగా తిప్పింది. బొటనవేలితో కొక్కెం పక్కన తడిమింది. మామగారి కాలపు పాత చెవి అక్కడ లోతుగా ఉంది. మొహం విప్పారింది. "ఉండాది," అంది. కళ్ళకద్దుకుని, బావను తలుచుకుని ఇంకాస్త ఏడ్చి వెళ్ళిపోయింది. ఆమె ఇచ్చిన గొలుసులు నేను కరిగించాను. ఇంకెన్ని జతలు ఏ పల్లెల్లో ఉన్నాయో నాకు తెలియదు. వస్తే ఇవ్వడానికి నా దగ్గర ఇంక ఏమీ లేదు.

ఈ పొద్దున అలవాటు మరిచిపోలేక ఇంకో గ్లాసు టీ కూడా పోశాను. పట్టుకుని పని గదిలోకి నడిచాను. కుంపటి బూడిద, పక్కన పడుకున్న సుత్తి, ఆయన కూర్చునే గోనెపట్టా. మొద్దు దగ్గర నిలబడ్డాను. చెయ్యి చాచేవాళ్ళు లేరు. నేను వచ్చినట్టు ఎవరికీ వినపడలేదు. మొద్దు నిండా చెవులు.